మనలిలో వినబడే బెజవాడ

ప్రసారం అన్న మాటకు మొన్నమొన్నటి దాకా ఒకటే అర్థం ఉండేది. ఒక చోట పుట్టిన మాటో పాటో దృశ్యమో అలలుగా మారి, ఎవరు వింటున్నారో ఎవరు చూస్తున్నారో పంపేవారికి తెలియకుండానే, అడిగినవారికీ అడగనివారికీ ఒక్క తీరున పరుచుకోవడమే ప్రసారం. ఇంటర్నెట్ ప్రసారం ఈ అర్థాన్ని తలకిందులు చేసింది. ఇక్కడ అడిగినవారికి మాత్రమే, అడిగిన తరువాతనే, వారి చిరునామాకే ఒక ప్రతి బయలుదేరుతుంది. దూరం, సరిహద్దు, కొండ, సముద్రం దానికి అడ్డు కావు గానీ డబ్బు, పరికరం, చదువు, ఓపిక అడ్డవుతాయి. అందువల్ల ఈ కొత్త ప్రసారం సామాన్యుల ఇళ్లకు ఏ దారిన చేరింది, ఎవరి గడప దగ్గర ఇంకా ఆగి ఉంది అన్న ప్రశ్నను సాంకేతిక నిపుణులకే వదిలేయడానికి వీల్లేదు. సొంత రాష్ట్రాల వెలుపల బతికే తెలుగువారికి అది తమ భాష నిలుస్తుందా అన్న ప్రశ్నతో పెనవేసుకుపోయి ఉంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి చెన్నైకి ఉత్తరపు అంచున ఉన్న మనలి తగిన చోటు. 1969లో పని మొదలుపెట్టిన మద్రాస్ రిఫైనరీస్, అంటే నేటి చెన్నై పెట్రోలియం కార్పొరేషన్, దాని పక్కన మద్రాస్ ఫెర్టిలైజర్స్, వాటి చుట్టూ పెరిగిన రసాయన కర్మాగారాలు ఈ ప్రాంతాన్ని పారిశ్రామికవాడగా మార్చగా, 2011లో ఇది చెన్నై నగరపాలక సంస్థలో కలిసి రెండో మండలమైంది. ఉత్తర చెన్నై పేటల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడు మొత్తం మీద తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు, అంటే నూటికి ఆరుగురికి కాస్త తక్కువ. వీధిలో తమిళం, బడిలో తమిళం లేదా ఇంగ్లీషు వినే పిల్లలకు ఇంటి నాలుగు గోడల మధ్య మాత్రమే తెలుగు వినబడే చోట, తెలుగు ప్రసారాన్ని వినోదం కింద జమ కట్టి వదిలేయలేం. అమ్మానాన్నల మాటలకు అవతల కూడా ఈ భాషకు ఒక లోకం ఉందని పిల్లలకు తెలిపేది అదే.

ఆ లోకం మనలికి రావడానికి గాలిలో ఒక చిక్కు ఉంది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం మీడియం వేవ్ మీద 837 కిలోహెర్ట్జ్‌ల వద్ద వంద కిలోవాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది. మీడియం వేవ్ అలలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి. పైకి వెళ్లిన భాగాన్ని ఎండకు ఆవేశితమైన వాతావరణ పొర ఒకటి మింగేస్తుంది కాబట్టి, నాలుగు వందల కిలోమీటర్ల అవతల ఉన్న చెన్నై శివారుకు మిగిలేది గరగరలాడే గొంతే. పొద్దు గూకగానే ఆ పొర పలుచబడి, అంతకంటే పైనున్న పొర అద్దంలా పనిచేసి అలలను తిరిగి నేలకు పంపుతుంది. అప్పుడు బెజవాడ మాట స్పష్టంగా దగ్గరకు వచ్చినట్టే వచ్చి, అంతలోనే వెనక్కు జరిగిపోతూ, మళ్లీ వస్తూ ఉంటుంది. ఎఫ్ఎం అలలు మరింత శుభ్రంగా ఉంటాయి గానీ, అవి దాదాపు చూపు ఆనే మేరకే పోతాయి. తెలుగువారు తమిళనాడులో ఉన్నా, ఒడిశాలో ఉన్నా, బొంబాయిలో ఉన్నా రేడియో విషయంలో అనుభవించిన దూరానికి కారణం ఎవరి నిర్లక్ష్యమూ కాదు. అది భౌతికశాస్త్రం గీసిన గీత.

చరిత్ర చేసిన విచిత్రం ఏమిటంటే, తెలుగు రేడియో పుట్టిన చోట్లలో మద్రాసు ఒకటి. సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో 1924 మే నెలలో ఏర్పడిన మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఆ జూలై చివర ప్రసారాలు ప్రారంభించింది. ఆకాశవాణి అనే వ్యవస్థ పుట్టకముందే ఔత్సాహికులు సొంత డబ్బుతో నడిపిన ఆ క్లబ్ మూడేళ్లకే ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. ప్రసారం చేయగల యంత్రం ఉన్నా, రేడియో సెట్టు కొనగల ఇళ్లు నగరంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండడం ఆ కాలపు అసలు చిక్కు. ఈ చిక్కును విప్పింది మద్రాసు నగరపాలక సంస్థ. క్లబ్ యంత్రాలను తీసుకుని 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంత్రపు ప్రసారాలు మొదలుపెట్టిన కార్పొరేషన్, మెరీనా తీరంలోనూ నగర పార్కుల్లోనూ లౌడ్‌స్పీకర్లు కట్టించింది. సెట్టు కొనలేనివాడు, లైసెన్సు రుసుము కట్టలేనివాడు, చదువు రానివాడు, పని దిగి గాలి కోసం బీచికి వచ్చినవాడు, అందరూ ఇసుకలో కూర్చుని ఒకే కచేరీ విన్నారు. ప్రసారాన్ని జనంలోకి తీసుకుపోవడమంటే పంపే యంత్రాన్ని గొప్పగా కట్టడం మాత్రమే కాదనీ, అందుకునే మార్గాన్ని అందరికీ తేలిక చేయడమనీ దేశంలో మొదట గ్రహించిన సంస్థల్లో ఆ కార్పొరేషన్‌ను నిస్సందేహంగా చేర్చవచ్చు. ఇంటర్నెట్ ప్రసారం ఎంతవరకు వచ్చిందో కొలవడానికి కూడా ఆ బీచి లౌడ్‌స్పీకరే మంచి కొలబద్ద.

1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం ప్రారంభమైంది. తమిళంతో పాటు తెలుగు కార్యక్రమాలు కూడా అక్కడి నుంచే వచ్చేవి. వాగ్గేయకారుడు బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఉద్యోగంలో చేరింది ఆ కేంద్రంలోనే. రేడియో అన్నయ్యగా తెలుగు పిల్లలకు పరిచయమైన న్యాయపతి రాఘవరావు పిల్లల కార్యక్రమాన్ని తీర్చిదిద్దింది కూడా అక్కడే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వెలిశాక తెలుగు ప్రసారాల బరువు అటు మళ్లింది. కోస్తా జిల్లాలకు అది వరమైంది, మద్రాసు తెలుగువారికి మాత్రం సొంత ఊరి రేడియో క్రమంగా పొరుగూరి రేడియో అయింది.

టెలివిజన్ వచ్చాక గీత మారింది గానీ చెరిగిపోలేదు. ఉపగ్రహం రాష్ట్రాల సరిహద్దులను పట్టించుకోదు కాబట్టి 1995లో మొదలైన జెమిని, ఈటీవీ ఛానళ్లు మద్రాసు మీద కూడా కురిశాయి. అయితే ఉపగ్రహానికీ ఇంటికీ నడుమ కేబుల్ ఆపరేటర్ నిలిచాడు. ఏ ఛానల్‌ను తన తీగలోకి ఎక్కించాలో, దేన్ని పక్కన పెట్టాలో ఆ వీధిలో ఎక్కువమంది అడిగేదాన్ని బట్టి అతడు నిర్ణయించేవాడు. 2003 సెప్టెంబరు 1న, అప్పటికి దేశంలో మరే మహానగరంలోనూ అమలు కాని షరతు విధానం చెన్నైలో అమలులోకి వచ్చింది. డబ్బు కట్టి చూసే ఛానళ్లకు సెట్‌టాప్ బాక్స్ ఉండి తీరాలన్న ఆ విధానంలో, బాక్స్ కొనని ఇంటికి ఉచిత ఛానళ్లే మిగిలాయి. ఆ బాక్స్ ధరను భాష ధరగా కూడా లెక్కవేయవలసిన ఇళ్లు ఉండేవి.

ఈటీవీ ప్రసారాలు మొదలైన 1995 ఆగస్టు నెలలోనే, దానికి పన్నెండు రోజుల ముందు, ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ దేశ ప్రజలకు ఇంటర్నెట్ సేవను తెరిచింది. అప్పటికే అమెరికాలో కొత్త ప్రసారానికి బీజాలు పడ్డాయి. 1993లో కార్ల్ మలముద్ ఇంటర్నెట్ టాక్ రేడియో అనే కార్యక్రమాన్ని ఫైళ్ల రూపంలో పంపిణీ చేశాడు. 1994 నవంబరులో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయపు విద్యార్థుల రేడియో డబ్ల్యూఎక్స్‌వైసీ తన ప్రసారాన్ని ఇంటర్నెట్‌లోకి కూడా వదిలింది. 1995లో వచ్చిన రియల్ఆడియో అనే సాఫ్ట్‌వేర్, ఫైలు మొత్తం దిగేదాకా ఆగనక్కర లేకుండా దిగుతున్నకొద్దీ వినిపించే పద్ధతిని ఇళ్లకు తెచ్చింది. నేడు స్ట్రీమింగ్ అంటున్నది ఇదే. కుండ నిండాక నీళ్లు తాగడానికీ, ధార కింద దోసిలి పట్టడానికీ ఎంత తేడా ఉందో దిగుమతికీ స్ట్రీమింగ్‌కూ అంతే తేడా.

ధార సన్నగా ఉన్నంతకాలం ఈ పద్ధతి ముచ్చటగానే మిగిలిపోయింది. టెలిఫోన్ తీగ మీద మోడెమ్ కీచుకీచుమంటూ కలిపే ఆ కనెక్షన్లు సెకనుకు కొన్ని పదుల కిలోబిట్లను మించి మోయలేకపోయేవి. 1998 నవంబరులో ప్రైవేటు సంస్థలకు అనుమతి వచ్చాక రంగంలోకి దిగిన తొలి సంస్థ, హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అనుబంధంగా చెన్నై కేంద్రంగా నడిచిన సత్యం ఇన్ఫోవే. అది ఐవే పేరుతో ఊరూరా తెరిచిన ఇంటర్నెట్ సెంటర్లు, కంప్యూటర్ కొనలేనివారికి గంటల లెక్కన లోకాన్ని అద్దెకిచ్చాయి. అయినా గంటకింత అని మీటరు తిరుగుతుండగా ఎవరూ పాటల కార్యక్రమం వినరు. ఉత్తరం పంపడానికీ, పరీక్షా ఫలితం చూడడానికీ ఆ సెంటర్లు పనికివచ్చాయి గానీ ప్రసారానికి రాలేదు.

ఒక మాట ఇంటికి చేరే తీరు

ఇంటర్నెట్ ప్రసారం ఎందుకు ఖరీదైనదో, అది తేలిక కావడానికి ఏం జరగవలసి వచ్చిందో తెలియాలంటే ఒక్క ఉదాహరణను దగ్గరగా చూడాలి. తెల్లవారుజామున విజయవాడ కేంద్రం భక్తిరంజని ప్రసారం చేస్తున్నదనీ, మనలిలోని ఒక వంటింటి గట్టు మీద ఉన్న ఫోనులో ఆకాశవాణి వారి న్యూస్ఆన్ఎయిర్ యాప్ తెరిచి ఉందనీ అనుకుందాం. స్టూడియో నుంచి వచ్చే ధ్వనిని ఎన్‌కోడర్ అనే పరికరం అంకెలుగా మార్చి, చెవికి పెద్దగా తేడా తెలియని భాగాలను తీసేసి కుదిస్తుంది. ఆ కుదించిన ధ్వనిని కొన్ని సెకన్ల చొప్పున ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వరుస సంఖ్య ఇచ్చి, సర్వర్ అనే కంప్యూటర్‌లో పేరుస్తారు. ఫోను చేసేది అతి మామూలు పని. వరుస పట్టీని అడిగి తెచ్చుకుంటుంది, అందులోని తాజా ముక్కను అడుగుతుంది, అది వినిపిస్తుండగానే తరువాతి ముక్కను అడిగి దగ్గర పెట్టుకుంటుంది. ఈ ముందుచూపు నిల్వనే బఫర్ అంటారు. నెట్‌వర్క్ నెమ్మదించి, తరువాతి ముక్క వచ్చేలోగా చేతిలోది అయిపోతే తెర మీద సున్నా గిర్రున తిరుగుతుంది. దృశ్యప్రసారంలో అయితే ఒకే ముక్కను మూడు నాలుగు నాణ్యతల్లో సిద్ధం చేసి ఉంచుతారు. దారి ఇరుకైనప్పుడు ఫోను తనంతట తానే చిన్న ముక్కను అడుగుతుంది, అందుకే బొమ్మ ఆగిపోకుండా కాసేపు మసకబారి మళ్లీ తేరుకుంటుంది. 2009లో యాపిల్ ప్రవేశపెట్టిన ఈ ముక్కల పద్ధతి మామూలు వెబ్ పేజీలు నడిచే దారిలోనే నడుస్తుంది కాబట్టి, ప్రసారం కోసం వేరే దారి వేయవలసిన అవసరం తప్పింది.

ఈ కోతలకూ నిల్వలకూ ఒక మూల్యం ఉంది, అది ఆలస్యం. వార్తలకు ముందు రేడియోలో వినిపించే టిక్కులు గడియారం సరిచేసుకోవడానికి ఉద్దేశించినవి. అవే టిక్కులు ఫోనులో ఇరవై ముప్ఫై సెకన్లు వెనకబడి రావచ్చు. క్రికెట్ ఆట చూస్తున్నప్పుడు పక్కింటి టీవీలో వికెట్ పడిన కేక వినిపించాక, తన ఫోనులో బౌలర్ ఇంకా పరుగు మొదలుపెట్టకపోవడం చెన్నైలో ప్రతి ఐపీఎల్ ప్రేక్షకుడికీ అనుభవమే. కచేరీకి ఈ ఆలస్యం లెక్కలోనిది కాదు. తుపాను హెచ్చరిక విషయంలో మాత్రం ఆలోచించవలసిన సంగతి.

రెండో మూల్యం ఇంకా పెద్దది. రేడియో టవర్‌కు ఒక శ్రోత ఉన్నా కోటిమంది ఉన్నా కరెంటు బిల్లు ఒకటే. ఇంటర్నెట్‌లో అలా కాదు. సెకనుకు 64 కిలోబిట్ల ధ్వనిని ఒక్కరు గంటసేపు వింటే సుమారు 29 మెగాబైట్లు ఖర్చవుతాయి, శ్రోతకు అది పెద్ద లెక్క కాదు. కానీ లక్షమంది ఒకేసారి వింటే పంపేవారు సెకనుకు 6.4 గిగాబిట్లు పంపాలి, పదిలక్షల మంది వింటే దానికి పదింతలు. శ్రోతలు పెరిగినకొద్దీ ప్రసారకర్త నష్టపోయే ఈ విపరీత పరిస్థితే తొలినాటి చిన్న ఇంటర్నెట్ రేడియోలకు ఊపిరాడనివ్వలేదు. ఒకే ప్రతిని పంపి, దారి చీలిన ప్రతిచోటా నెట్‌వర్కే దాన్ని రెండుగా మూడుగా చేసే మల్టీకాస్ట్ అనే ఉపాయాన్ని 1992లోనే శాన్‌డియాగోలో జరిగిన ఇంటర్నెట్ ఇంజినీర్ల సమావేశపు ప్రసారంలో ప్రయోగించారు. అది పనిచేసింది. కానీ వేలాది సంస్థల నెట్‌వర్కులన్నీ కలిసి ఒప్పుకుంటే తప్ప బహిరంగ ఇంటర్నెట్‌లో నడవదు కాబట్టి ఎదగలేదు. బదులుగా మరో ఉపాయం గెలిచింది. ప్రతి పెద్ద నగరంలోనూ, ప్రతి పెద్ద టెలికాం సంస్థ ప్రాంగణంలోనూ నిల్వ సర్వర్లు పెట్టి, దూరపు సర్వర్ నుంచి ముక్క ఒక్కసారి వస్తే దాన్ని దగ్గర పెట్టుకుని ఊళ్లో అడిగినవారందరికీ పంచడం ఆ పద్ధతి. ఊరి పొలిమేరలో ఒక చెరువు తవ్వుకోవడం లాంటిదిది, ప్రతి బిందెకూ నదిదాకా నడవనక్కర లేదు.

ఈ పద్ధతి ఎంత భారం మోయగలదో క్రికెట్ చూపించింది. 2019 జూలైలో ప్రపంచ కప్ సెమీఫైనల్‌ను హాట్‌స్టార్‌లో ఒకే సమయంలో రెండున్నర కోట్ల మందికి పైగా చూశారు. 2023 నవంబరు 19న అహ్మదాబాదులో ఫైనల్ జరిగినప్పుడు ఆ సంఖ్య 5.9 కోట్లకు చేరింది. ఒక్కొక్కరికి సెకనుకు రెండే మెగాబిట్లు అందాయనుకున్నా, అది మొత్తం 118 టెరాబిట్లు అవుతుంది. చెన్నై నుంచి సింగపూరుకు 2002లో వేసిన ఐ2ఐ సముద్రగర్భ కేబుల్ పూర్తి సామర్థ్యం 8.4 టెరాబిట్లు. ఆ రాత్రి ప్రేక్షకులకు ఒకే చోటి నుంచి బొమ్మ పంపాలంటే అంతటి కేబుళ్లు 14కు పైగా కావలసి వచ్చేవి. ఊరూరి చెరువులే ఆ దాహం తీర్చాయి.

అయితే చెరువులు తవ్వినంత మాత్రాన బిందె కొనే స్తోమత రాదు. 2016 సెప్టెంబరు 5న జియో తన సేవలను ప్రారంభించి నెలల తరబడి ఉచితంగా ఇవ్వడం, తక్కిన సంస్థలు ధరలు తగ్గించక తప్పకపోవడం ఆ పని చేశాయి. అంతవరకూ ఒక గిగాబైటుకు వందల రూపాయలు పెట్టి, నెలంతా పొదుపుగా వాడుకున్న కుటుంబాలు, రోజుకు గిగాబైటు ఉన్న ప్యాకుల్లోకి వచ్చిపడ్డాయి. మరుసటి ఏడు వచ్చిన జియోఫోన్, 1500 రూపాయల డిపాజిట్‌తో, మీటలున్న మామూలు ఫోనులోనే వీడియో చూపించింది. ఇంటర్నెట్ ప్రసార చరిత్రలో ఆ మీటల ఫోనుకు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వడం లేదు. తెర తాకడం అలవాటు లేని చేతులకు అదే మొదటి ఇంటర్నెట్ రేడియో.

కరెంటు స్తంభాల మీద కాంతి తీగ

తెలుగు నేల మీద ఇంటర్నెట్ ప్రసారాన్ని మామూలు టీవీ అంత తేలిక చేయాలని జరిగిన అతి పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్. నేల తవ్వి తీగ వేస్తే ఖర్చూ కాలమూ కలిసి రావని, రాష్ట్రం నిండా ఉన్న కరెంటు స్తంభాల మీదుగా 23 వేల కిలోమీటర్లకు పైగా ఆప్టికల్ ఫైబర్‌ను లాగారు. ఆప్టికల్ ఫైబర్ అంటే వెంట్రుకంత సన్నని గాజు పోగు, దాని గుండా సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది. 2016 డిసెంబరులో గోదావరి డెల్టాలోని మోరి గ్రామంలో ముందుగా సేవలు మొదలుకాగా, 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ప్రాజెక్టును లాంఛనంగా ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, 250 టీవీ ఛానళ్లు, టెలిఫోన్ ఇస్తామన్నది నాటి మాట.

ఈ పథకంలో సాంకేతికంగా అన్నిటికన్నా విశేషమైనది ఆ ఛానళ్లు వచ్చే తీరు. దీన్ని ఐపీటీవీ అంటారు. ఇంటర్నెట్ భాషలోనే, అయితే బహిరంగ ఇంటర్నెట్‌లో కాకుండా ఒకే సంస్థ చేతిలో ఉన్న మూసిన నెట్‌వర్క్‌లో ఛానళ్లు నడుస్తాయి. మూసిన నెట్‌వర్క్‌లో దారులన్నీ ఒకే యజమానివి కాబట్టి, బయట నెగ్గని మల్టీకాస్ట్ ఇక్కడ హాయిగా నెగ్గుతుంది. ఒక ఛానల్‌ను ఊళ్లో వందమంది చూస్తున్నా ఊరిదాకా ఒక్క ప్రతే వస్తుంది. ప్రేక్షకుడికి ఇవేవీ తెలియవు, తెలియనక్కర లేదు కూడా. అతని చేతిలో ఉన్నది పాత రిమోటే, ఇంటికి వచ్చి బాక్స్ బిగించేది పాత కేబుల్ ఆపరేటరే. ప్రసారకర్తకూ ఇంటికీ అడ్డుగా కనిపించిన ఆ ఆపరేటర్నే భాగస్వామిని చేయడం ఈ పథకంలోని వివేకం. రిపేరు వస్తే నిచ్చెన వేసుకుని వచ్చే మనిషి లేని సాంకేతికత ఏదీ మన పల్లెల్లో నిలవదు. 2023 జూన్‌లో ఇదే నెట్‌వర్క్ మీద కొత్త సినిమాను విడుదల రోజునే 99 రూపాయలకు 24 గంటలపాటు చూసే ఏర్పాటునూ మొదలుపెట్టారు. స్తంభాల మీది తీగకు గాలివాన భయం తప్పదు. ఇళ్లలో పెట్టే బాక్సుల ఖర్చు కూడా భారమే. అయినా రిమోట్ నొక్కితే చాలన్న సూత్రం దగ్గర ఈ పథకం రాజీపడలేదు, మద్రాసు బీచి లౌడ్‌స్పీకరుకు అసలైన వారసత్వం అక్కడ ఉంది.

సినిమాలూ సీరియళ్లూ వచ్చే ఓటీటీ వేదికల గురించి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర లేదు. 2020లో కరోనా థియేటర్లను మూయించిన కాలంలోనే తెలుగుకు ప్రత్యేకంగా ఆహా మొదలైంది, అదే ఏడు సెప్టెంబరులో నాని నటించిన ‘వి’ థియేటర్ ముఖం చూడకుండా అమెజాన్‌లో విడుదలైంది. డబ్బు కట్టగలవారికి ఈ దారి బాగానే విశాలమైంది.

రాజ్యం లేని భాషలకు, అంటే తమ ప్రభుత్వం లేని చోట బతికే భాషలకు, ఇంటర్నెట్ ప్రసారం ఇచ్చింది దీనికన్నా పెద్దది. అండమాన్ దీవుల్లో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. 2020 ఆగస్టు 10న ప్రారంభమైన చెన్నై–అండమాన్ సముద్రగర్భ కేబుల్ పోర్ట్‌బ్లెయిర్‌ను చేరేదాకా, అక్కడి ఇంటర్నెట్ ఇరుకైన ఉపగ్రహ లంకెల మీదే ఆధారపడేది. వీడియో మాట అటుంచి, మాట వినడమే కష్టంగా ఉండేది. అమెరికాలో 2010కీ 2017కీ మధ్య తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. పూర్వం అక్కడి తెలుగువారు స్థానిక స్టేషన్లలో వారానికి గంటో రెండు గంటలో అద్దెకు తీసుకుని కార్యక్రమాలు నడుపుకునేవారు. తరువాత తెలుగువన్ వారి టోరీ వంటి ఇంటర్నెట్ రేడియోలు రోజంతా వినిపించాయి. ఇప్పుడు కాలిఫోర్నియా నుంచి ‘కౌముది’ పత్రిక సంపాదకుడు కిరణ్‌ప్రభ సాహిత్యం, సంగీతం, జీవితచరిత్రల మీద చేసే ప్రసంగాలనూ, ‘హర్షణీయం’ పాడ్‌కాస్ట్‌లో వచ్చే తెలుగు కథలనూ మనలిలో రాత్రి షిఫ్టు దిగిన కార్మికుడైనా బస్సులో వింటూ ఇంటికి పోవచ్చు. పాడ్‌కాస్ట్ అంటే వేళ కట్టుబాటు లేని ప్రసారం, శ్రోతకు తీరిక దొరికినప్పుడు వినేది. షిఫ్టుల జీవితానికి ఇంతకంటే అనువైన ప్రసారరూపం లేదు.

ఇంత మేలు జరిగినా చట్టం ఇంకా వెనకబడి ఉన్న చోటు ఒకటుంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టం ప్రకారం ప్రసార సంస్థ ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రాయల్టీ కట్టి, పాట హక్కుదారు విడిగా అనుమతించకపోయినా దాన్ని వినిపించవచ్చు. దీన్ని చట్టబద్ధ లైసెన్సు అంటారు. ఈ సౌకర్యం రేడియో, టెలివిజన్లకే గానీ ఇంటర్నెట్ ప్రసారానికి వర్తించదని 2019 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు తీర్పునిచ్చింది. దాంతో ఇంటర్నెట్ ప్రసారకర్త ప్రతి హక్కుదారునూ వెతికి పట్టుకుని బేరమాడుకోవాలి. పెద్ద సంస్థలకు న్యాయవాదులున్నారు. పాత తెలుగు పాటలను ప్రేమతో వినిపించాలనుకునే చిన్న బృందానికి ఎవరున్నారు? హక్కుదారుల ఆదాయం కాపాడవలసిందే. దానికోసం చిన్నవారికి తగిన, ముందే తెలిసిన రుసుము ఒకటి నిర్ణయించడం అసాధ్యమేమీ కాదు. మరోవైపు ప్రైవేటు ఎఫ్ఎంకు సొంత వార్తలు చెప్పే అనుమతి లేదు. కమ్యూనిటీ రేడియో, అంటే 2004లో చెన్నై అన్నా విశ్వవిద్యాలయం ప్రారంభించిన అన్నా ఎఫ్ఎం, 2008లో జహీరాబాద్ దగ్గర దళిత స్త్రీలు మొదలుపెట్టిన సంఘం రేడియో వంటివి, కొద్ది కిలోమీటర్ల మేరకే వినబడతాయి. ఇటువంటి ఊరి గొంతులు ఆ ఊరినుంచి వలసపోయినవారికి కూడా చేరాలంటే ఇంటర్నెట్ ఒక్కటే దారి.

అయితే ఇన్ని దారులు తెరుచుకున్నాక కూడా వాటి ముందు నిలబడిపోయినవారెవరు? వయసు మళ్లినవారు. పాత రేడియోకు రెండే మీటలుండేవి, ఒకటి శబ్దానికి, ఒకటి స్టేషనుకు. వేలికి తగిలే ఆ మీటకు భాష అక్కర లేదు, కళ్లజోడు అక్కర లేదు, గుర్తుపెట్టుకునే సంకేతపదం అక్కర లేదు. ఫోనులో విజయవాడ కేంద్రం వినాలంటే యాప్ వెతకాలి, ఇంగ్లీషు పేర్ల పట్టీలో రాష్ట్రాన్ని పట్టుకోవాలి, అందులో కేంద్రాన్ని పట్టుకోవాలి, నడుమ ఎవరో ఫోను చేస్తే మళ్లీ మొదటికి రావాలి. ఇంట్లో మనవడు ఉంటే సరి. లేకపోతే, ప్రపంచంలోని సమస్త తెలుగు ప్రసారాలూ అరచేతిలో ఉండి కూడా ఆ గది నిశ్శబ్దంగానే ఉంటుంది. ఇది చిన్న లోపం కాదు. తెలుగు కేంద్రాల పట్టీ తెలుగులో ఉండాలనీ, చివరగా విన్న కేంద్రం తెరవగానే దానంతటదే మోగాలనీ, పేరు పలికితే కేంద్రం రావాలనీ కోరడం గొంతెమ్మ కోరిక కాదు. వీటికి కావలసిన సాంకేతికత ఇప్పటికే చౌకగా ఉంది, పట్టించుకునేవారే లేరు.

ఆ పని సంస్థలు చేసేలోగా ఇళ్లలో చేయగలిగినది ఒకటుంది. ఆకాశవాణి యాప్ ఉచితం. తెలుగు కేంద్రాలతో కలిపి రెండు వందలకు పైగా ఆకాశవాణి సేవలు అందులో ఉన్నాయి. గంట వింటే పోయేది ముప్ఫై మెగాబైట్ల లోపే. పండుగకో పెళ్లికో ఇంటికి వెళ్లినప్పుడు పెద్దల ఫోనులో దాన్ని దించి, వారికి ఇష్టమైన కేంద్రాన్ని ఎంచి, గుర్తును తెర మీద మొట్టమొదటి వరుసలో పెట్టి, వారి చేతనే పదిసార్లు తెరిపించి మూయించి రండి. చిన్న స్పీకరు ఒకటి కొని జత చేస్తే గది కూడా నిండుతుంది.